సర్పంచ్ సీటు జనరల్ అయితే ఆడవాళ్లు నిలబడకూడదా? గెలిచినా సంతకాలకేనా?

ప్రకాశం జిల్లా కొండపి వైపు నుంచి ఒక చెల్లి అడిగిన ప్రశ్న ఇది. వయసు ముప్పై నాలుగు, డిగ్రీ చదివారు, పొదుపు సంఘం లీడరు, ముగ్గురు పిల్లలు. వచ్చే సర్పంచ్ ఎన్నికల్లో నిలబడాలని ఉంది. ఇంట్లో వాళ్లేమో "మహిళా రిజర్వేషన్ వస్తే నువ్వు, జనరల్ వస్తే మీ ఆయన" అంటున్నారు. ఊరి పెద్దలైతే "నువ్వు గెలిచినా సంతకం నీది, పెత్తనం మీ ఆయనది" అని ఇప్పుడే తేల్చేశారు. ముగ్గురు పిల్లలుంటే పోటీకే అర్హత ఉండదని ఎవరో భయపెట్టారట. ఇవన్నీ దాటుకుని ఒక ఆడమనిషి ఆ కుర్చీలో నిజంగా పని చేయగలదా అని అడిగారు.

చేయగలదు. నిలబడండి చెల్లీ. మహిళా రిజర్వేషన్ వచ్చినా నిలబడండి, జనరల్ వచ్చినా నిలబడండి. జనరల్ సీటంటే మగవాళ్ల సీటు కాదు. ఆ ఊళ్లో ఓటు ఉండి, 21 ఏళ్లు నిండి, చట్టం చెప్పిన అనర్హతలు లేని ఎవరైనా అందులో నిలబడవచ్చు. అయితే నామినేషన్ వేయకముందే మీ ఇంట్లో ఒక విషయం గట్టిగా మాట్లాడుకోవాలి. గెలిచాక సంతకం, పంచాయతీ బిల్లులు ఆమోదించే డిజిటల్ కీ, ఆఫీసులో కుర్చీ ఎవరివి అన్నది. ఊళ్లో ఓట్లు సంపాదించడం కంటే ఇదే కష్టం. గెలిచాక తేల్చుకుందాంలే అని వదిలేసిన వాళ్లలో చాలామందికి ఐదేళ్లలో ఆ అవకాశమే రాలేదు.

నేను నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో ఒక పంచాయతీకి రెండుసార్లు సర్పంచ్‌గా చేశాను. 2006లో మహిళా రిజర్వేషన్ మీద, 2013లో జనరల్ సీటులో. ఆ తర్వాత కొత్తగా గెలిచిన ఆడ సర్పంచులకు, వార్డు మెంబర్లకు శిక్షణ తరగతుల్లో చెబుతూ వస్తున్నాను. కింద రాసేదంతా ఆ అనుభవంతోనే.

ముందు పిల్లల సంగతి చెప్పేస్తాను, ఆ టెన్షన్ వదిలిపోతుంది. 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరు పిల్లలకు మించితే పోటీకి అనర్హులన్న నిబంధన ఉండేది. 2024 నవంబరులో శాసనసభ సవరణ చేసి దాన్ని తీసేసింది. కాబట్టి ముగ్గురు పిల్లలున్నారని మిమ్మల్ని ఆపడానికి లేదు. ఆ నిబంధన ఉన్నన్నాళ్లూ దాని దెబ్బ ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడింది. మగపిల్లాడి కోసం మూడో కాన్పుకు వెళ్లాలని నిర్ణయించింది అత్తమామలో భర్తో అయి ఉంటారు. పోటీ చేసే హక్కు పోయింది మాత్రం ఆమెకు. నా క్లాసుల్లో వార్డు మెంబర్లుగా బ్రహ్మాండంగా పనిచేసిన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు సర్పంచ్ పోటీకి రాలేకపోయింది ఇందువల్లే.

ఇక "జనరల్ వస్తే మీ ఆయన" అన్న మాట. ఈ మాట మీ ఇంట్లోనే కాదు, ప్రతి మండలంలో వింటాను. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చి పంచాయతీల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్లకు ఇచ్చింది. మన రాష్ట్రం 2011లో దాన్ని సగానికి పెంచింది. ఈ సగం మనకు దక్కాల్సిన కనీసం. అంతకు మించి రాకూడదని చట్టంలో ఎక్కడా లేదు. కానీ ఊళ్లల్లో దీన్ని వాటాలు పంచుకున్నట్టు అర్థం చేసుకున్నారు. మహిళా సీటు ఆడవాళ్లది, మిగిలిందంతా మగవాళ్లది అని. 2013లో నేను మళ్లీ నిలబడతానంటే మా వైపు నాయకుడొకాయన ఇంటికొచ్చి "అమ్మా, పోయినసారి నీకిచ్చాం గదా, ఈసారి జనరల్, మగవాళ్లకొదిలెయ్" అన్నాడు. నాకు ఎవరూ ఇవ్వలేదు, ఓటర్లు ఇచ్చారు అని చెప్పాను. ఆయన వేరే అభ్యర్థిని పెట్టాడు. సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తులుండవు కాబట్టి టికెట్ కోసం ఎవరి గుమ్మం ముందూ నిలబడాల్సిన పని లేకపోయింది. గెలిచాను. మొదటి ఐదేళ్లలో నీళ్ల ట్యాంకు, చాకలిపాలెం దారి, వీధి లైట్లు చేసి చూపించాను కాబట్టే గెలిచాను. మహిళా సీటులో మొదటిసారి గెలిచే ప్రతి ఆడమనిషికీ నేను చెప్పేది ఇదే. ఆ ఐదేళ్ల పని చూసే రెండోసారి జనం ఓటు వేస్తారు. రొటేషన్‌లో సీటు మారింది కదా అని ఇంటికి వెళ్లిపోకండి.

పైస్థాయి చూడండి, సంగతి ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. నెల్లూరు పార్లమెంటు సీటు నుంచి 1996లో, 1998లో పనబాక లక్ష్మి గారు గెలిచారు. 1999లో ఉక్కాల రాజేశ్వరమ్మ గారు, 2004లో మళ్లీ లక్ష్మి గారు. వరసగా నాలుగు ఎన్నికల్లో నెల్లూరు ఆడవాళ్లనే ఢిల్లీకి పంపింది. అప్పుడది ఎస్సీ రిజర్వుడు సీటు. మహిళలకు కేటాయించింది కాదు, మగవాళ్లూ పోటీ చేయగలిగిందే. 2009లో అది జనరల్ అయింది. అప్పట్నుంచి ఒక్క ఆడమనిషి కూడా అక్కడ గెలవలేదు. ఓటర్లలో ఆడవాళ్ల మీద నమ్మకం ఒక్కసారిగా పోయిందంటే నేను నమ్మను. సీటు ఓపెన్ కాగానే డబ్బు, కాంట్రాక్టులు, పెద్ద కుటుంబాల లెక్కలు ముందుకొచ్చాయి. ఆ లెక్కల్లో ఆడవాళ్ల పేరు పైకి రాదు.

వచ్చినా ఎక్కువగా కుటుంబం మీదుగా వస్తుంది. ఒంగోలు ఎంపీ మాగుంట సుబ్బరామిరెడ్డి గారిని 1995 డిసెంబరులో నక్సలైట్లు చంపాక, 1996లో ఆయన భార్య పార్వతమ్మ గారు అక్కడి నుంచే గెలిచారు. తర్వాత 2004లో కావలి ఎమ్మెల్యే అయ్యారు. 2021లో మన రెండు జిల్లా పరిషత్తులకూ చైర్‌పర్సన్లు ఆడవాళ్లే. నెల్లూరుకు ఆనం అరుణమ్మ గారు, ప్రకాశానికి బూచేపల్లి వెంకాయమ్మ గారు. ఇద్దరూ రాజకీయ కుటుంబాల వాళ్లే. వాళ్లను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. కుటుంబం తలుపు తీసినా లోపలికెళ్లి పనిచేయాల్సింది వాళ్లే. కానీ ఇంటి పేరుకు ఆ బలం లేని మీలాంటి వాళ్లకు, నాలాంటి వాళ్లకు పంచాయతీ తప్ప వేరే మెట్టు కనబడటం లేదు. అందుకే దాన్ని వదులుకోవద్దంటున్నాను.

2024లో లోక్‌సభకు గెలిచిన ఆడవాళ్లు 543 మందిలో 74. దేశం మొత్తం మీద పంచాయతీ ప్రతినిధుల్లో ఆడవాళ్లు 14 లక్షలకు పైనే, దాదాపు సగం. ఓటరు ఇద్దరికీ ఒకడే. పంచాయతీల్లో చట్టం సీటు పక్కన పెట్టమంది కాబట్టి పెట్టారు. పైన అలాంటి చట్టం లేకుండా ఇన్నాళ్లూ నడిచింది. 2023లో చట్టసభల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్లకు ఇస్తూ 106వ రాజ్యాంగ సవరణ చేశారు గానీ, అమలును జనగణనకు, నియోజకవర్గాల పునర్విభజనకు ముడిపెట్టారు. ఆడవాళ్లకు చేతకాక పైకి రావడం లేదని ఎవరైనా అంటే ఈ రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూపించండి.

చేతకాదన్న మాట నెల్లూరు జిల్లాలో అనడానికి అసలు నోరెలా వస్తుందో నాకర్థం కాదు. 1992లో దూబగుంటలో సారా కొట్టు మూయించింది వర్ధినేని రోశమ్మ గారు, ఆమె వెంట ఉన్న కూలి ఆడవాళ్లు. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటూ మొదలైన మాటలు ఊరూరికీ పాకి, జిల్లాలో సారా వేలం పాటలనే జరగనివ్వకుండా చేశాయి. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. రోజుకో రూపాయి దాచే పొదుపు ఉద్యమం కూడా ఆ ఊపులోనే ఇక్కడ పుట్టింది. ఈ రోజు మీరు లీడరుగా ఉన్న సంఘం మూలం అదే. అంత పోరాటం నడిపిన ఆడవాళ్ల దగ్గరికి పార్టీలు ఓట్ల కోసం వచ్చాయి. టికెట్లు రాసేటప్పుడు వాళ్ల పేర్లు వాటికి గుర్తు రాలేదు.

ఇప్పుడు అసలు విషయం: గెలిచాక కీ ఎవరి దగ్గర ఉంటుంది.

పంచాయతీ డబ్బులు ఇప్పుడు చెక్కు పుస్తకంతో కదలవు. ఈ-గ్రామ్ స్వరాజ్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో సెక్రటరీ గారు బిల్లు పెడతారు, సర్పంచ్ ఆమోదిస్తారు. ఇద్దరికీ డిజిటల్ సంతకం ఉంటుంది, చిన్న పెన్‌డ్రైవ్ లాంటి డాంగిల్. దాన్నే కీ అంటాం. ఆ డాంగిల్, దాని పిన్ నంబరు ఎవరి దగ్గరుంటే పంచాయతీ వాళ్ల చేతిలో ఉన్నట్టే. నేను శిక్షణ తరగతుల్లో మొదటి రోజు ఒకటే అడుగుతాను: "మీ కీ ఎక్కడుంది?" ఎక్కువ మంది "మా ఆయన దగ్గర" అంటారు. కొందరు "సెక్రటరీ గారి దగ్గర" అంటారు. కొందరికి అలాంటిదొకటి ఉందనే తెలియదు.

ప్రకాశం జిల్లాలో ఒక సర్పంచ్ విషయం చెబుతాను. బాగా నెమ్మదస్తురాలు, పదో తరగతి చదివింది. కీ భర్త దగ్గర. ఆయన, ఒక కాంట్రాక్టరు కలిసి వేయని సిమెంటు రోడ్డుకు బిల్లు తీసుకున్నారు. విచారణ జరిగితే నోటీసు ఆమె పేరున వచ్చింది. రికవరీ కూడా ఆమె పేరునే. అధికారుల ముందు ఆమె నిలబడి ఏడుస్తుంటే, "నాకేం సంబంధం, సర్పంచ్ ఆమె కదా" అని భర్త బయట బెంచీ మీద కూర్చున్నాడు. చట్టం దృష్టిలో ఆయన చెప్పింది నిజమే. సంతకం పెట్టినవాళ్లదే బాధ్యత. నిధుల దుర్వినియోగం రుజువైతే సర్పంచ్‌ను పదవి నుంచి తొలగించే అధికారం కలెక్టర్‌కు ఉంది. మీ ఇంట్లో వాళ్లకు ఈ కథ చెప్పండి. పెత్తనం గురించి మాట్లాడితే గొడవవుతుంది. బాధ్యత గురించి మాట్లాడితే వింటారు.

కాబట్టి కీ రిజిస్టర్ చేసేటప్పుడు ఇచ్చే ఫోన్ నంబరు మీ సొంతది అయి ఉండాలి. ఓటీపీ మీ ఫోనుకే రావాలి. డాంగిల్ మీ బీరువాలో, పిన్ మీ బుర్రలో ఉండాలి. ఏ బిల్లయినా ఎం-బుక్ (జరిగిన పని కొలతలు రాసే పుస్తకం) చూడకుండా, పని దగ్గరికి స్వయంగా వెళ్లి కళ్లతో చూడకుండా ఆమోదించొద్దు. ఖాళీ తీర్మానం పేజీ కింద సంతకం అడిగితే, ఎవరడిగినా సరే, "రాసి తీసుకురండి, చదివి పెడతాను" అనండి. మొదటిసారి మొహం మాడ్చుకుంటారు. మూడోసారి నుంచి రాసే తెస్తారు.

చిన్నదిగా కనిపించే ఇంకో సంగతుంది. మండలంలో సర్పంచుల వాట్సాప్ గ్రూపు ఉంటుంది. అందులో ఆడ సర్పంచుల పేర్ల పక్కన ఉండేవి చాలావరకు భర్తల నంబర్లు, కొడుకుల నంబర్లు. మీటింగు కబురు, సర్క్యులర్, ఎంపీడీవో గారి ఫోను అన్నీ అటే పోతాయి. ఆమెకు మధ్యాహ్నం అన్నం పెట్టేటప్పుడు తెలుస్తుంది. గెలిచిన సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజే ఎంపీడీవో ఆఫీసులో మీ నంబరు రాయించి రండి.

మండలం మీటింగుకి భర్త మోటార్ సైకిల్ మీద దింపితే, ఊళ్లో గొడవొస్తే పక్కన నిలబడితే అది పెత్తనం కాదు. అలాంటి తోడు లేకుండా చాలామంది ఆడవాళ్లు ఈ పని చేయలేరు, నేనూ చేసేదాన్ని కాదు. ఆయన సలహా ఇంట్లో చెప్పాలి, ఆఫీసులో కుర్చీలో మీరు కూర్చోవాలి. ఆ గీత ముందే గీయండి. ప్రమాణ స్వీకారం రోజు మీ పక్క కుర్చీలో ఆయన కూర్చుంటే ఇక ఐదేళ్లూ ఆ కుర్చీ తీయలేరు. ఈ భర్తల పెత్తనం దేశమంతా ఉన్న జబ్బే. 2023లో సుప్రీంకోర్టు దాకా వెళ్తే, కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ఒక కమిటీ వేసింది. 2025 ఫిబ్రవరిలో ఇచ్చిన నివేదికలో ఆ కమిటీ, ఆడవాళ్ల తరఫున పెత్తనం చేసేవాళ్లకు గట్టి శిక్ష ఉండాలని సిఫారసు చేసింది. శిక్షలు ఎప్పుడొస్తాయో చూసుకుంటూ కూర్చోకుండా మన కీ మనం పట్టుకోవాలి.

ఇంట్లో భర్త బదులు పైన భూస్వామి ఉంటే సంగతి ఇంకా ఘోరం. నెల్లూరు తీరం వైపు ఎస్టీ మహిళకు రిజర్వయిన ఒక పంచాయతీలో, రొయ్యల గుంటల యజమాని తన దగ్గర పనిచేసే యానాది ఆడమనిషిని నిలబెట్టి గెలిపించాడు. మొదట్లో ఆమె ఆయన ఎదుట మీటింగులో కూర్చునేది కాదు, గోడకానుకుని నిలబడేది. క్లాసులో నేను అడిగితే "ఆయన ముందర ఎట్టా కూర్చునేదమ్మా, రేపు కూలి ఎవరిస్తారు" అంది. దానికి నేను ఏ చట్టం చెప్పినా ఆ పూట చాలదు. ఆమెలో మార్పు వాళ్ల కాలనీ ఆడవాళ్ల వల్ల వచ్చింది. గ్రామసభకు పది మంది కలిసి వచ్చి, ముందు వరసలో కూర్చుని, "మా సర్పంచ్‌కు కుర్చీ వేయండి" అన్నారు. ఆమె కూర్చుంది. ఆ సంవత్సరమే ఆ కాలనీకి కుళాయి లైను వెళ్లింది. ఎస్సీ, ఎస్టీ ప్రతినిధులను పంచాయతీలో పని చేయనీకుండా అడ్డుకోవడం, బెదిరించడం అట్రాసిటీ చట్టం కింద నేరమని 2015 సవరణలో స్పష్టంగా ఉంది. ఆ సంగతి ఆమెకు తెలియడం కంటే ఆ యజమానికి తెలిసేలా చేయడమే ఎక్కువ పనిచేసింది.

ఒక ధైర్యం కూడా చెబుతాను. సర్పంచ్‌ను జనం నేరుగా ఎన్నుకుంటారు కాబట్టి వార్డు మెంబర్లు అవిశ్వాసం పెట్టి మిమ్మల్ని దించలేరు. ఉప సర్పంచ్ మీద, మండల పరిషత్ అధ్యక్షుల (ఎంపీపీ) మీద పెట్టొచ్చు, సర్పంచ్ మీద కుదరదు. "మాట వినకపోతే దించేస్తాం" అని భయపెట్టేవాళ్లుంటారు, పట్టించుకోకండి. కాకపోతే గ్రామసభలు, నెలవారీ మీటింగులు తప్పకుండా జరపండి, రికార్డు సరిగ్గా ఉంచండి. గ్రామసభ జరపకపోతే మాత్రం పదవికే ముప్పు.

డబ్బు. 2021 ఎన్నికల్లో పది వేల లోపు జనాభా ఉన్న పంచాయతీకి సర్పంచ్ అభ్యర్థి ఖర్చు పరిమితి లక్షన్నర, పైన ఉంటే రెండున్నర లక్షలు. ఊళ్లల్లో అంతకు ఎన్ని రెట్లు పోస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆడవాళ్లకు ఇక్కడే పెద్ద గోడ. పొలం ఆయన పేరున ఉంటుంది, పొగాకు బ్యారన్ ఆయన పేరున ఉంటుంది, అప్పు ఇచ్చేవాడికి ఆయనే తెలుసు. ఖర్చు పెట్టినవాళ్లు గెలిచాక పెత్తనం కూడా తమదే అనుకుంటారు. అందుకని మీరు ఎంత తక్కువ ఖర్చుతో నిలబడితే గెలిచాక అంత స్వతంత్రంగా ఉంటారు. ఇంటింటికీ రెండుసార్లు మీరే తిరగండి. సంఘాల ఆడవాళ్లను వెంటబెట్టుకోండి. మద్యం, నోట్ల జోలికి వెళ్లకుండా గెలిచిన ఆడవాళ్లను నేను చూశాను. ఓడినవాళ్లనూ చూశాను. గ్యారంటీ ఇవ్వలేను. కానీ మీ బంగారం తాకట్టు పెట్టొద్దు. పొదుపు సంఘం అప్పు రూపాయి కూడా ఎన్నికలకు వాడొద్దు. వాడితే ఓడినా గెలిచినా ఊళ్లో ఆడవాళ్ల మధ్య మీ మాట పోతుంది. ఫలితం ఏదైనా ఖర్చు లెక్క దాఖలు చేయండి, చేయకపోతే మూడేళ్లు పోటీకి అనర్హత.

ఏకగ్రీవం. ఎన్నికల ముందు ఊరి పెద్దలు గుడి దగ్గర కూర్చుని "ఊరు బాగుకోసం ఏకగ్రీవం చేద్దాం" అంటారు. 2021లో ప్రభుత్వం ఏకగ్రీవమైన పంచాయతీలకు జనాభాను బట్టి ఐదు లక్షల నుంచి ఇరవై లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించింది కూడా. నిజంగా అందరూ ఇష్టపడి చేసుకుంటే తప్పులేదు. కానీ ఆ కూర్చున్నవాళ్లలో ఆడవాళ్లెంతమంది? ఉపసంహరించుకోమని ముందు అడిగేది ఆడ అభ్యర్థినే. "నువ్వు ఆడదానివి, నీకెందుకమ్మా ఈ గొడవ" అని మెత్తగా చెబుతారు. వినకపోతే అన్నదమ్ములను పంపుతారు. ఉపసంహరణ ఆఖరి రోజు గడిచేదాకా ఎవరొచ్చినా ఒంటరిగా మాట్లాడొద్దు, మీ సంఘం వాళ్లు ఇద్దరు పక్కనుండేలా చూసుకోండి.

నోటి మాటలు. అన్నిటికంటే ఎక్కువ మందిని వెనక్కి పంపేది ఇదే. ఆడవాళ్లు డబ్బు లేదని ఆగిపోవడం కంటే, పిల్లల ముందు తమ గురించి చెడ్డ మాట వినాల్సి వస్తుందని ఆగిపోవడం నేను ఎక్కువగా చూశాను. మగ అభ్యర్థి మీద "తినేస్తాడు" అంటారు. ఆడ అభ్యర్థి మీద శీలం గురించి అంటారు. ఎవరి బండి ఎక్కింది, ఎవరితో ఫోన్లో మాట్లాడింది, రాత్రి ఎన్ని గంటలకు ఇంటికొచ్చింది. పదవి పెద్దదైతే ఈ నోళ్లు మూతపడతాయని కూడా అనుకోకండి. 2025 జూలైలో కోవూరు ఎమ్మెల్యే వేమిరెడ్డి ప్రశాంతి రెడ్డి గారి మీద ప్రత్యర్థి పార్టీ నాయకుడొకరు ఒక సమావేశంలో వ్యక్తిగతంగా మాట్లాడిన మాటలు జిల్లా అంతా విన్నది. కేసు దాకా వెళ్లింది. ఏ పార్టీ వాళ్లన్నా, ఏ పార్టీ ఆమెనన్నా నా అభిప్రాయం ఒకటే: ఆమె పనిని విమర్శించలేనివాళ్లే ఆమె కాపురం గురించి మాట్లాడతారు.

దీనికి ముందు ఇంట్లో సిద్ధం కావాలి. ఎన్నికల్లో నా గురించి చెడుగా అంటారు, అది ఓట్ల కోసం అనే మాట అని మీ ఆయనతో, అత్తగారితో, పెద్ద పిల్లలతో ముందే కూర్చుని చెప్పండి. ముందే వినుంటే ఆ మాట వచ్చినప్పుడు ఇల్లు కదలదు. వాట్సాప్‌లో రాస్తే స్క్రీన్‌షాట్ తీసి, తేదీ, గ్రూపు పేరు కనబడేలా దాచండి. ఆడవాళ్ల గౌరవానికి భంగం కలిగించే మాటలు, సైగలు భారతీయ న్యాయ సంహిత 79వ సెక్షన్ కింద నేరం. ఫిర్యాదు మీ పేరున, మీ మాటల్లో రాసివ్వండి. భర్త పేరున ఇస్తే అది రెండు కుటుంబాల కొట్లాటగా మారిపోతుంది. ప్రతి చెత్త మాటకూ స్టేషన్‌కు పరిగెత్తక్కర్లేదు. మొదటిదాన్ని గట్టిగా పట్టుకుంటే మిగతావాళ్లు ఆలోచిస్తారు.

పని చేయగలరా అన్నదానికి నా క్లాసుల్లో చూసింది చెబుతాను. మెట్ట ఊళ్లల్లో ఆడ సర్పంచులు మొదట పట్టుకునేది నీళ్లు. ప్రకాశం మెట్టలో ఫ్లోరైడు నీళ్లు, వేసవిలో ట్యాంకర్లు మీకు తెలిసిందే. ఒక సర్పంచ్ ట్యాంకర్ ఎన్ని ట్రిప్పులు వచ్చిందో ప్రతి వీధిలో ఒక ఆడమనిషితో నోటు పుస్తకంలో రాయించింది. నెలాఖరుకు ట్యాంకర్ బిల్లు, ఆ పుస్తకాలు పక్కన పెట్టి చూసింది. తేడా వచ్చిన బిల్లు వెనక్కి పంపింది. ఆమె ఎనిమిదో తరగతి. ఇలాంటివి పరిశోధన చేసి తేల్చినవాళ్లూ ఉన్నారు. రాఘవేంద్ర చటోపాధ్యాయ, ఎస్తేర్ డుఫ్లో అనే ఇద్దరు పరిశోధకులు బెంగాల్, రాజస్థాన్ పంచాయతీల మీద చేసి 2004లో అచ్చువేసిన పరిశోధనలో, బెంగాల్‌లోనూ రాజస్థాన్‌లోనూ ఆడవాళ్లు నడిపిన పంచాయతీలు తాగునీటి మీద ఎక్కువ ఖర్చు పెట్టాయని తేలింది. 2021 నుంచి 2026 దాకా పంచాయతీలకు కేంద్రం నుంచి వచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం నీళ్లకు, పారిశుధ్యానికే కట్టేసి ఇచ్చారు కాబట్టి నీళ్ల లెక్క తెలిసిన మనిషికి పంచాయతీ లెక్కలో పెద్ద భాగం తెలిసినట్టే. బిందె మోసేది మనమే కదా చెల్లీ, ఏ వీధిలో నీళ్లు రావో మనకంటే ఎవరికి తెలుసు.

ఒక్క పరిస్థితిలో మాత్రం ఇప్పుడు వద్దంటాను. ఇంట్లో చేయి చేసుకునే భర్త ఉండి, "నువ్వు సంతకం పెట్టు, మిగతాది నేను చూసుకుంటా" అని ఖచ్చితంగా చెప్పేస్తే, సర్పంచ్‌గా నిలబడితే ఆ తప్పుల కేసులన్నీ మీ మెడకు చుట్టుకుంటాయి. అలాంటప్పుడు వార్డు మెంబరుగా వెళ్లండి. అక్కడ కీ ఉండదు కాబట్టి ఇంట్లో ఒత్తిడి తక్కువ. మీటింగులు, తీర్మానాలు, లెక్కలు నేర్చుకోవచ్చు. మెంబర్ల మద్దతుంటే ఉప సర్పంచ్ కూడా కావచ్చు. మీ ప్రశ్న చదివితే మీ ఇంట్లో పరిస్థితి అలా అనిపించలేదు. మీ వాళ్లు మాట వినే మనుషుల్లాగే ఉన్నారు, అలవాటు కొద్దీ అంటున్న మాటలవి.

ఈ వారంలో చేయాల్సినవి కొన్ని చెప్పి ఆపుతాను. ఓటరు జాబితాలో మీ పేరు అత్తగారి ఊళ్లో ఉందో, ఇంకా పుట్టింట్లోనే ఉందో చూసుకోండి. పెళ్లయిన ఆడవాళ్లలో చాలామందికి ఇక్కడే దెబ్బ తగులుతుంది. మీరు పోటీ చేసే పంచాయతీలో ఓటు లేకపోతే నామినేషనే చెల్లదు. మిమ్మల్ని ప్రతిపాదించేవాళ్లకు కూడా ఆ ఊళ్లోనే ఓటుండాలి. రిజర్వుడు సీటయ్యే అవకాశముంటే కుల ధృవీకరణ పత్రం ఇప్పుడే తీసుకోండి. అది మీ నాన్నగారి కులాన్ని బట్టి ఇస్తారు కాబట్టి పుట్టింటి వైపు కాగితాలు కావాలి, ఆఖరి రోజుల్లో తిరిగితే దొరకవు. అంగన్‌వాడీ లాంటి ప్రభుత్వ గౌరవ వేతనం ఏదైనా తీసుకుంటుంటే, రాజీనామా చేయాలో లేదో ఎంపీడీవో ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. పంచాయతీ ఆఫీసుకు వెళ్లి గత రెండేళ్ల ఖర్చుల వివరాలు సమాచార హక్కు కింద దరఖాస్తు చేసి తీసుకోండి. మీ ఊళ్లో డబ్బు ఎటు పోయిందో చదివితే, ప్రచారంలో ఏం మాట్లాడాలో మీకే తెలుస్తుంది. ఆ కాగితాలు వచ్చాక అర్థం కానివి ఉంటే ఇక్కడే అడగండి, చదివి చెబుతాను.